గునపం దిగిన ఊళ్లో...

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లంతా నయాగరా చూసొస్తారు. నేను మాత్రం ఓ పుర్రెను చూడాలన్నాను. మా అమ్మాయి బిత్తరపోయింది. అల్లుడు నవ్వి, 'సరే అత్తయ్యా, ముందు ఆ పుర్రె కథ మొదలైన ఊరికెళ్దాం' అంటూ కారు తీశాడు.

అది 2014 అక్టోబరు. బోస్టన్‌ నుంచి రెండున్నర గంటల ప్రయాణం. వెర్మాంట్‌ రాష్ట్రంలోకి వచ్చేసరికి కొండలన్నీ పసుపూ కుంకుమా చల్లినట్టున్నాయి. ఆకురాలే ముందు మేపుల్‌ చెట్లు అలా రంగు మారతాయట. మేం వెళ్లిన కావెండిష్‌ చిన్న పల్లె. పక్కనే బ్లాక్‌ రివర్‌ పారుతుంటుంది. రష్యన్‌ రచయిత సోల్జెనిత్సిన్‌ 1994 దాకా ప్రవాసంలో తలదాచుకున్నదీ ఇక్కడే. ఊళ్లో ఓ బండరాయి, దానిమీద ఫలకం. మేం వెతుక్కుంటూ వచ్చింది దానికోసమే. ఫినియాస్‌ గేజ్‌ స్మారకమది.

తలలోంచి దూసుకెళ్లింది

1848 సెప్టెంబరు 13 సాయంత్రం. ఈ ఊరి బయట రైలు మార్గం కోసం బండలు పేలుస్తున్నారు. గేజ్‌ ఆ కూలీలకు మేస్త్రీ. వయసు 25. రాతి కన్నంలో మందు దట్టిస్తుంటే అది కాస్తా పేలింది. చేతిలోని ఇనుప కడ్డీ ఎడమ చెంప కింద దిగి, నడినెత్తిన బయటికొచ్చి దూరంగా పడింది. మన గునపం లాంటిదే... మూడున్నర అడుగుల పైన పొడవు, ఆరు కిలోల బరువు! అయినా అతను చావలేదు. ఎద్దుల బండిలో కూర్చునే బసకు చేరాడు. డాక్టర్‌ హార్లో వైద్యంతో రెండున్నర నెలల్లో సొంతూరు వెళ్లాడు.

గాయం మానింది కానీ, మనిషి మారాడు. నెమ్మదస్తుడు కాస్తా నోటిదురుసు మనిషయ్యాడు. ఏ పనిమీదా నిలకడ లేదు. పాత యజమానులు మళ్లీ మేస్త్రీ పని ఇవ్వలేదు. ఇతను మన గేజ్‌ కాదన్నారు స్నేహితులు.

ఆ ఫలకం ముందు నిలబడితే నాకు మా తమ్ముడే గుర్తొచ్చాడు. 2009లో నూజివీడు దారిలో బైకు మీంచి పడ్డాడు. హెల్మెట్‌ లేదు. నుదుటి వెనక చిన్న దెబ్బేనన్నారు. నెల తిరిగేసరికి లేచి తిరిగాడు. కానీ చీమ చిటుక్కుమన్నా కోపం. జేబులో డబ్బు నిలవదు. 'పొగరెక్కింది' అన్నారు చుట్టాలు. మా అమ్మాయి పెళ్లి పందిట్లో నలుగురిలో నన్ను నానా మాటలన్నాడు. అప్పట్నుంచీ నేను మాట్లాడటం మానేశాను. 'అది తల దెబ్బమ్మా, పొగరు కాదు' అంటూ గేజ్‌ కథ చెప్పింది వాడి స్కాన్‌ చూసిన డాక్టరే. నేనే నమ్మలేదు.

నాలుగు శాతమే... కానీ!

మర్నాడు బోస్టన్‌లో హార్వర్డ్‌ వైద్య గ్రంథాలయంలోని వారెన్‌ మ్యూజియానికి వెళ్లాం. అద్దాల వెనక పుర్రె, పక్కనే ఆ కడ్డీ. 1860లో గేజ్‌ చనిపోయినప్పుడు మెదడును ఎవరూ పరీక్షించలేదు. కొన్నేళ్లకు సమాధి తవ్వి తీసిన పుర్రె ఒక్కటే ఆధారం.

దాంతోనే 2012లో లాస్‌ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వాన్‌ హార్న్‌ బృందం ఓ లెక్క కట్టింది. పుర్రె స్కాన్‌లో 110 మంది ఆరోగ్యవంతుల మెదడు చిత్రాలను కంప్యూటర్‌లో అమర్చారు. కడ్డీ వెళ్లిన దారి గీసి, దానికి అడ్డొచ్చిన నరాల తీగలెన్నో చూశారు. మెదడు పైపొరలో దెబ్బతిన్నది దాదాపు 4 శాతమే. లోపలి తీగల్లో మాత్రం సుమారు 11 శాతం! దెబ్బ ఎడమవైపు ముందు భాగానిదే. కానీ ఆ తీగల అవతలి కొసలు దూరంగా ఉన్న భాగాల్లో ఉన్నాయి. ఊరి మొదట్లో కరెంటు స్తంభం కూలితే చివరి వీధిలో దీపాలు ఆరిపోవూ... అలాగన్నమాట. పక్షవాతం, అల్జీమర్స్‌ రోగుల మెదళ్లనూ ఇప్పుడిలా తీగల లెక్కగా కంప్యూటర్‌లో గీసి చూస్తున్నారు.

అల్లుడు ఇదంతా వివరిస్తుంటే నా కళ్లు ఆ పుర్రె మీదే ఉన్నాయి. కథలో నాకు తెలియని ముక్క కూడా అతనే చెప్పాడు. గేజ్‌ తర్వాత చిలీ దేశం వెళ్లి కొన్నేళ్లు గుర్రపు బండి తోలాడట. రోజూ అదే వేళకు అదే పని చేయడం వల్లే చాలావరకు కుదుటపడి ఉంటాడంటారు అతని జీవితాన్ని శోధించిన మాల్కమ్‌ మాక్‌మిలన్‌.

ఆ రాత్రే మరదలికి ఫోన్‌ చేశాను. 'వదినా, మీరేనా!' అంటూ ఏడ్చేసింది. ఐదేళ్లు ఒక్కతే భరించింది మరి.

ఊరికి తిరిగొచ్చాక తమ్ముడికి మామిడి తోట పని అప్పజెప్పాం. పొద్దున ఆరింటికల్లా వెళ్లాలి, అవే చెట్లు, అవే నీళ్లు. అన్నీ సర్దుకున్నాయని చెప్పను. ఇప్పటికీ ఒక్కోసారి అరుస్తాడు. నేను మాత్రం లేచి వచ్చేయడం మానేశాను. వాడి అరుపు తగ్గేదాకా పక్కనే కూర్చుంటాను.