ఇంటికొఱకు ఎదురుచూచువారు



తోటపని చేసి బ్రదుకు కుటుంబములకు ఇల్లనగా ఏమో వేఱుగా చెప్పనక్కఱలేదు. పనియున్నంత కాలము ఇల్లుండును. పని పోయిన దినమున ఇల్లును పోవును. కావుననే ఫిలిప్పీను దేశమందలి కొన్ని పేద కుటుంబముల సంగతిని మీ యెదుట పెట్టుచున్నాను. వారు మన జాతివారు కారు, మన భాష వారికి రాదు. అయినను వారు పడిన పాటు మనకు బాగుగా తెలిసినదే.

2013వ సంవత్సరము నవంబరు 8వ తేదీని హైయాన్ అను మహా తుపాను ఆ దేశముమీద పడెను. అక్కడివారు దానికి యోలాండా అని పేరు పెట్టిరి. లేతె ద్వీపమున సముద్రపు టొడ్డున నున్న తక్లోబాన్ పట్టణము మిక్కిలి చెడిపోయెను. సముద్రము ఐదు మీటర్ల యెత్తున లేచి వీధులలోనికి వచ్చెను. పెద్ద ఓడలు కొట్టుకొనివచ్చి ఇండ్లమీద పడెను. దేశమంతటను 6,300 మంది చనిపోయిరని ప్రభుత్వమువారు లెక్క తేల్చిరి. కనబడకుండ పోయినవారు వేఱు. సుమారు 40 లక్షల మంది ఇండ్లు విడిచి పోవలసి వచ్చెను. చెడిపోయిన ఇండ్లు 11 లక్షలు. వానిలో ఇంచుమించు సగము నేలమట్టమయ్యెను.

తుపానునకు ముందు అధికారులు హెచ్చరింపకపోలేదు. అయితే సముద్రము పొంగివచ్చునని చెప్పుటకు వారు స్టార్మ్ సర్జ్ అను ఇంగ్లీషు మాటను వాడిరి. అనేకులకు ఆ మాట అర్థము కాలేదు. గాలి గట్టిగా వీచునని మాత్రమే తలంచి ఇండ్లలోనే నిలిచిపోయిరి. మన భాషలో ఉప్పెన యను మాట కలదు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని కృష్ణాజిల్లాలోని దివిసీమను ముంచి, పదివేల మందికి పైగా పొట్టబెట్టుకొన్నది అట్టి ఉప్పెనయే. ఆపద వచ్చినప్పుడు జనులకు తెలిసిన మాటతో చెప్పుట ఎంత ముఖ్యమో దీనివలన తెలిసికొనవచ్చును.

గాలి ఇండ్లను మాత్రమే కాదు, కొబ్బరితోటలను గూడ కూల్చెను. మూడు కోట్లకు పైగా చెట్లు విఱిగెను, లేక పాడయ్యెను. కొబ్బరిమొక్క నాటిన తరువాత ఆఱేడేండ్లకు గాని కాపునకు రాదని మీరెఱుగుదురు. ఒకరి భూమిలో కొబ్బరి దింపి, ఆ భూమిలోనే గుడిసె వేసికొని బ్రదికినవారికి ఒక్క యుదయముననే కూలియు గూడును రెండును పోయెను. భూమి తమది కాదు గనుక, పడిపోయిన గుడిసెను మరల నిలుపుకొనుటకైనను వారు ఇతరుల సెలవు అడుగవలసివచ్చెను.

ఒడ్డుననుండి 40 మీటర్ల లోపల ఇక నెవరును ఇల్లు కట్టరాదని ప్రభుత్వమువారు నియమము చేసిరి. అపాయము తప్పించుటకు చేసిన నియమమే అది. అయితే ఆ 40 మీటర్ల లోపల నివసించువారు చేపలు పట్టి బ్రదుకువారు. వారికి కొత్త ఇండ్లు కట్టింతుమని మాట ఇచ్చిరి. దేశమంతటను రెండు లక్షలకు పైగా ఇండ్లు కట్టవలెనని నిశ్చయించిరి. అందు తక్లోబానునకు సుమారు 14,500. సంవత్సరము నిండునప్పటికి ఆ పట్టణమున నూఱు ఇండ్లయినను పూర్తికాలేదు. తగిన భూమి దొరకుట కష్టమయ్యెను. దొరకిన భూమికి పత్రములు సరిగా లేవు. అనుమతులు ఒక కచ్చేరినుండి మఱియొక కచ్చేరికి తిరిగెను. ఈలోపల కుటుంబములు గుడారములలోను, చెక్కతో కట్టిన పొడవైన వరుస గదులలోను కాలము గడిపెను. 2014వ సంవత్సరము మే నెలలో ఒక రాత్రి గుడారములో నిప్పంటుకొని ఒక తల్లియు ఆమె బిడ్డలును కాలి చనిపోయిరి. ఉప్పెనను తప్పించుకొని బ్రదికినవారు ఇంటికొఱకు వేచియుండగా మృతినొందిరి.

ఎదురుచూచుట యనగా ఏమో నేనును కొంత యెఱుగుదును. నేను పుట్టి పెరిగినది పేరాక్ రాష్ట్రమందలి యొక కొబ్బరితోటలోని కూలిలైనులో. నా పదునెనిమిదవ యేట తోట అమ్ముడుపోయెను. ఇండ్లు ఖాళీ చేయవలెననియు, బదులుగా వేఱొకచోట ఇండ్లు ఇచ్చెదమనియు మాకు తెలియజేసిరి. ఎప్పుడని అడిగినవారికి త్వరలోనే యని ఉత్తరము. అట్లు మూడేండ్లు గడచెను. కప్పు కారుచున్నను మా నాయన రేకు మార్చలేదు. రేపు విడిచిపోవు ఇంటికి డబ్బు పెట్టుట యెందుకనెను. మా అమ్మ ప్రతి సంవత్సరము వానలకు ములగకొమ్మ పాతెడిది. ఆ మూడేండ్లు పాతలేదు. మా పెదనాయనగారు కూతురి పెండ్లిని కొత్త ఇంటిలో చేయవలెనని రెండుసార్లు వాయిదా వేసిరి. ఆకలిచేత ఎవరును చావలేదు, గాని బ్రదుకు నిలిచిపోయెను. పాత ఇంటిని బాగుచేసికొనలేము, కొత్త ఇంటిని మొదలుపెట్టలేము. వేచియుండువారి నష్టమును ఏ లెక్కలోను వ్రాయరు.

తక్లోబానువారికి తుదకు ఇండ్లు కట్టబడెను. ఉత్తరపు వైపున, పట్టణమునకు దూరముగా, సుమారు 22 చదరపు మీటర్ల ఇండ్లు, ఒకదానినొకటి ఆనుకొని వరుసలుగా లేచెను. మన లైనిండ్లను చూచినవారికి అవి కొత్తగా తోచవు. గోడలు లేచెను గాని అనేక కాలనీలకు కుళాయి నీరు రాలేదు. చాల కాలము లారీలతో నీరు తెచ్చి పోసిరి. సముద్రము దూరమయ్యెను గనుక కొందఱు పురుషులు వారమంతయు పాత యొడ్డుననే యుండి, వలలు వేసి, వారాంతమున మాత్రము ఆలుబిడ్డలయొద్దకు పోవుచుండిరి. కొన్ని చోట్ల, తూర్పు సామార్‌లోని బలంగిగ యను ఊరిలోవలె, ఇండ్లలో నాసి ఇనుము వాడిరని ఫిర్యాదులు పుట్టి, 2017లో ఆ దేశపు శాసనసభవారు విచారణ జరిపిరి. అంతకు ముందటి సంవత్సరము, తుపాను వచ్చి మూడేండ్లయిన దినమున, అధ్యక్షుడైన దుతెర్తె తక్లోబానునకు వచ్చి, పని జరిగిన తీరు తనకు తృప్తికరముగా లేదని బహిరంగముగా చెప్పెను.

అయితే అదే పట్టణమున మఱియొక విధముగా జరిగినదియు కలదు. ఓడలు కొట్టుకొనివచ్చిన అనిబోంగ్ మొదలగు పేటలవారు కొందఱు సంఘముగా కూడిరి. రెడెంప్టరిస్టు గురువులును, పట్టణ పేదలకొఱకు పనిచేయు సంఘమువారును వారికి తోడుపడిరి. డీట్ అను చోట 500లకు పైగా కుటుంబములకు ఒక గ్రామము ఏర్పడెను. దానికి పోప్ ఫ్రాన్సిస్ గ్రామమని పేరు. అందు నివసింపబోవువారే ఇల్లు ఎట్లుండవలెనో, వీధి ఎట్లుండవలెనో కూర్చుండి మాటలాడి నిశ్చయించుకొనిరి. అదియు త్వరగా ముగియలేదు, ఏండ్లు పట్టెను. కాని వారు ఊరక వేచియుండలేదు. తామేమి కట్టుచున్నారో, ఏల ఆలస్యమగుచున్నదో వారికి తెలియుచుండెను.

కాబట్టి, సహోదరీ సహోదరులారా, మీకెవరైనను ఇల్లు వాగ్దానము చేసినప్పుడు సంతోషముతో తల యూపి ఊరకుండకుడి. నాలుగు మాటలు అడుగుడి. పత్రము ఎవరి పేర వ్రాయుదురు? నీరు ఎక్కడనుండి వచ్చును? పనిచోటు ఎంత దూరము? ఏ తేదీని తాళపుచెవి చేతికిత్తురు? ఉత్తరమును కాగితముమీద తీసికొనుడి. చదువరానివారు బడికి తెచ్చినయెడల మేము చదివి చెప్పెదము. ఒక్కరుగా గాక, లైనులోని పదికుటుంబములు కలసి పోయి అడుగుడి. ఏండ్ల తరబడి గుడారములలో గడపినవారు ఈ నాలుగింటి విలువను మనకంటె ముందుగా, మనకంటె ఎక్కువ వెల యిచ్చి తెలిసికొనిరి.