గ్యాస్ ట్యూబుకి తేదీ చూస్తాం, మరి బ్రేకు ట్యూబుకో?

మొన్న వేసవి సెలవుల ముందు మా ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. మా మావయ్యగారికీ నాకూ. కారణం జానెడు రబ్బరు ట్యూబు.

రామతీర్థంలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో ఒక పాత కారు ఉంది. స్టాండర్డ్ హెరాల్డ్, 1966 నాటిది, రెండే తలుపులు. మద్రాసులో తయారైంది. ఇంగ్లండులో ఇదే కారు ఛాసిస్‌ను పొట్టిగా చేసి, దాని మీద ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు కట్టారు. అందుకే మావయ్యగారు దీన్ని "స్పోర్ట్స్ కారుకి పెద్దక్క" అంటారు. బానెట్టు తెరిస్తే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా లేచిపోతుంది. మా పిల్లలకి అదో వింత.

సెలవుల్లో పిల్లల్ని అందులోనే సింహాచలం తీసుకెళ్ళాలని ఆయన కోరిక. నాకూ ఇష్టమే. ముందుగా ఒక ఆదివారం నెల్లిమర్ల దాకా వెళ్ళి వచ్చాం. ఇంటికొచ్చి దిగగానే ఏదో మాడిన వాసన. పొయ్యి మీద ఏమైనా మర్చిపోయానా అని లోపలికి పరిగెత్తాను. వాసన పొయ్యిది కాదు, కారుది. ముందు ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెడితే పెనంలా ఉంది.

మా ఊరికి వచ్చే మెకానిక్ బాబాయ్‌ని పిలిచాం. చక్రాన్ని జాకీతో లేపి, కింద దిమ్మలు పెట్టి, నన్ను బ్రేకు ఒకసారి తొక్కి వదలమన్నాడు. కాలు తీసేసినా చక్రం బిగుసుకునే ఉంది. చక్రం వెనకున్న చిన్న నిపుల్ వదులు చేయగానే కాస్త నూనె చిమ్మి, చక్రం గిర్రున తిరిగింది.

"డ్రమ్ము బాగానే ఉందమ్మా. హోసు పోయింది," అన్నాడు.

బ్రేకు నూనె కారు పొడవునా ఇనప గొట్టాల్లో వెళ్తుంది. చక్రాలు మాత్రం గోతుల్లో లేస్తూ పడుతూ ఉంటాయి, ముందువి పక్కకి తిరుగుతాయి కూడా. అందుకని ఆఖరి జానెడు దూరం వంగే రబ్బరు గొట్టం పెడతారు. ఏళ్ళు గడిస్తే ఆ రబ్బరు లోపల ఉబ్బి దారి మూసేస్తుంది. మనం గట్టిగా తొక్కితే ఆ జోరుకి నూనె లోపలికి పోతుంది. కాలు తీశాక వెనక్కి రావడానికి ఆ జోరు ఉండదు. బ్రేకు పట్టుకునే ఉండిపోతుంది.

మావయ్యగారు నమ్మలేదు. "పైన ఒక్క పగులు లేదు, నల్లగా నిగనిగలాడుతోంది," అన్నారు. మెకానిక్ దాన్ని విప్పి కోసి చూపించాడు. మధ్యలో చీపురు పుల్ల కూడా దూరలేదు.

ఆయన దగ్గర కారు లెక్కల పుస్తకం ఒకటుంది. తిరగేస్తే నాలుగు హోసులూ చివరిసారి మార్చింది 1994లో అని తేలింది. నాలుగూ మార్చేద్దాం అన్నాను. "పాడైంది ఒకటైతే నాలుగెందుకు? కారు ఏళ్ళ తరబడి షెడ్డులోనేగా ఉంది!" అన్నారు. షెడ్డులో ఉన్నా రబ్బరుకి వయసు ఆగదు కదా. పైగా ఈ కారులో నాలుగు చక్రాల బ్రేకులకీ నూనె దారి ఒక్కటే. ఏ ఒక్క హోసు చిట్లినా పెడలు నేలకి దిగిపోతుంది, ఇక హ్యాండ్ బ్రేకే గతి. సింహాచలం ఘాట్ దిగేటప్పుడు అలా అయితే? వెనక సీట్లో నా పిల్లలు.

"అయితే పిల్లల్ని నేను బస్సులో తీసుకొస్తాను మావయ్యగారూ," అనేశాను.

ఆ రాత్రి ఆయన రెండు ముద్దలు తిని లేచిపోయారు. అత్తయ్య నావైపు చూసి ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది. పడుకున్నాక అర్థమైంది, నేను కారు గురించి అన్నమాట ఆయనకి తన గురించి అన్నట్టు తగిలింది. మూలన పెట్టిన పాత సామాను అన్నట్టు.

పొద్దున్న కాఫీ ఇస్తూ, అంతకుముందు నెల పొయ్యికి మార్చిన పాత గ్యాస్ ట్యూబు తెచ్చి ఆయన పక్కన పెట్టాను. "ఇది మార్చమని నా వెంట పడింది ఎవరు?" అన్నాను.

"దాని మీద తేదీ ఉంది కదమ్మా. 5 ఏళ్ళు దాటితే ఉంచకూడదు."

"పైకి బాగానే ఉంది కదండీ మరి?"

ట్యూబుని చేత్తో వంచి చూశారు. కాసేపటికి నవ్వారు. "సరే, నాలుగూ తెప్పించండి. అయితే బ్రేకు తొక్కడానికి నువ్వే కూర్చోవాలి."

హోసులు చెన్నై పుదుపేట నుంచి పార్సిల్‌లో వచ్చాయి. మెకానిక్ బాబాయ్ తుప్పు పట్టిన నట్లకి ముందురోజే నూనె వేసి నానబెట్టాడు. ఒక పానాతో హోసుని కదలకుండా పట్టుకుని, రెండో పానాతో ఇనప గొట్టం నట్టు తిప్పాడు. హోసు మెలి తిరిగితే కొత్తది కూడా తొందరగా పోతుందట. రాగి వాషర్లు కొత్తవి వేశాడు. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పించి, హోసు ఎక్కడా టైరుకి రాసుకోవడం లేదని చూసుకున్నాడు.

తర్వాత గొట్టాల్లో గాలి తీయడం. అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలు. నేను డ్రైవరు సీట్లో, మావయ్యగారు కుర్చీ వేసుకుని కిటికీ పక్కన. "తొక్కు... పట్టుకో... ఆఁ, ఇప్పుడు వదులు." మెకానిక్ నిపుల్ బిగించకముందే ఒకసారి కాలు తీసేశాను. గాలి మళ్ళీ లోపలికి పోయింది. మొదటికొచ్చాం. "కంగారు పడకు, మాట విన్నాకే కాలు తియ్యి," అన్నారు మావయ్యగారు. కాఫీ డికాక్షన్‌లా ఉన్న పాత నూనె పోయి తేటగా వచ్చేసరికి మధ్యాహ్నమైంది. డబ్బాలో నూనె అయిపోకుండా పోస్తూ ఉన్నది మా ఆయన. రంగు మీద ఒక చుక్క పడితే వెంటనే నీళ్ళు పోసి కడిగించారు మావయ్యగారు. బ్రేకు నూనె పెయింటుని తినేస్తుందిట. మెత్తగా దిగే పెడలు చివరికి రాయిలా నిలబడింది. అంత గట్టి పెడలు నా కాలి కింద తగలగానే నాకూ ధైర్యం వచ్చింది.

రెండు మూడు రోజులు ఊళ్ళోనే తిప్పి, హోసుల దగ్గర తడి లేదని చూసుకుని, అప్పుడు బయల్దేరాం. సింహాచలం కొండ కింద దాకా మావయ్యగారే నడిపారు. ఘాట్ మొదట్లో ఆయనే కారు ఆపి, దిగి, తాళం మా ఆయన చేతిలో పెట్టారు.

"బ్రేకులు బాగున్నాయిరా. నా మోకాళ్ళే పాతబడ్డాయి. వాటికి పుదుపేటలో స్పేరు దొరకదు."

అందరం నవ్వాం. దిగేటప్పుడు ఆయన పక్క సీట్లో కూర్చుని, "సెకండు గేరులోనే రా, బ్రేకు మీద కాలు నానబెట్టకు," అని ప్రతి మలుపులో చెబుతూనే ఉన్నారు. నేను పిల్లల మధ్య కూర్చుని ఆ మాటలు వింటూ, చాలా రోజుల తర్వాత కారులో కాస్త కునుకు తీశాను.

ఇంటికొచ్చాక మావయ్యగారు లెక్కల పుస్తకం నాకిచ్చి, హోసులు మార్చిన తేదీ నన్నే రాయమన్నారు. కింద గ్యాస్ ట్యూబు తేదీ కూడా రాశాను. మీ ఇంట్లో పాత కారుంటే, దాని బ్రేకు హోసులు ఎప్పుడు మార్చారో ఒకసారి అడగండి. ఎవరికీ గుర్తులేకపోతే మార్చే రోజు దాటిపోయిందనే అనుకోండి.