హాటు కొండ బాట

మన తెలుగునాట బురద యనగానే ఆషాఢ శ్రావణములు తలంపునకు వచ్చును. హిమాలయ ప్రాంతమున ఫాల్గుణ చైత్రములును బురదకాలమే. అప్పుడు దానిని తెచ్చునది వాన కాదు, ఎండ.

సిమ్లాకు 60 కిలోమీటర్ల పైచిలుకు దూరమున, సుమారు 9,000 అడుగుల యెత్తున నార్కండ యను చిన్న ఊరు గలదు. అచటినుండి 11,000 అడుగులు మించిన హాటు శిఖరమునకు దేవదారు వనముల గుండ 7, 8 కిలోమీటర్ల బాట పోవును. శీతకాలమున మంచు దానిని కప్పివేయును. మార్చి చివర ఆ మంచు కరగుచుండగా బండ్లు పైకి పోజాలవు గాన, మేము కాలినడకనే బయలుదేరితిమి.

సోదరీమణులారా, ఆ బురద తీరే వేఱు. ఎండకు పైమన్ను మెత్తబడును. అడుగున నేల యింకను గడ్డకట్టియే యుండును. నీరు క్రిందికి ఇంకజాలక పైననే నిలిచి మన్నును అట్లపిండివలె కలిపివేయును. రాత్రి చలికి అదియే మరల రాయివలె బిగియును. అందుచే తెలిసినవారు వేకువనే బయలుదేరి, ఎండ ముదురక మున్నే శిఖరము చేరుదురు. బాట యంచున పొడిగా గనబడు గడ్డిపై అడుగిడరాదు. పలువురట్లు నడచినచో గడ్డి చచ్చి గట్టు కోసికొనిపోవును. బురద నడుమనుండియే పోవలెను. మనుచరిత్రలో ప్రవరుని పాదలేపము మంచునీటికి కరగిపోయినది గదా! మా రబ్బరు జోళ్లు కరగవు గాని, అడుగడుగునకు బురద వానిని పట్టి లాగుచుండెను.

శిఖరమున హాటుమాత కొయ్యగుడి గలదు. ఆ దేవి మండోదరియే యని అచటివారి నమ్మిక. చేరువనున్న పెద్దరాళ్లను భీముని పొయ్యి యందురు. ఆ కొండవరుస యుత్తరమున కరగిన నీరు శతద్రువున బడి సింధువును గూడి పడమటి కడలికి పోవును. దక్షిణమున కరగినది గిరినదిలో బడి యమునా గంగలతో మన తూర్పు కడలిని చేరును. ఒకే రాత్రి కురిసిన మంచునకు రెండు సముద్రములు!

దిగువనంతయు ఆపిలు తోటలు. 1916లో సత్యానంద స్టోక్సు గారు ఈ చేరువనే, కోట్‌గఢ్ ప్రాంతమున, అమెరికా ఆపిలు మొక్కలను నాటించిరి. నేటికిని అచటి సంసారములకు అవియే ఆధారము. వాన పరుగెత్తిపోవును, మంచు మెల్లగా కరగును. అడుగునేల విడిన పిదప ఆ నీరే లోనికి దిగి, చెట్ల వేళ్లను, కొండయూటలను వేసవిదాక పోషించును. మంచు కొఱవడిన యేట బాట పొడిగానుండును గాని, స్త్రీలు బిందెలతో దూరము నడువవలసివచ్చును.

తిరుగుదారిలో తోటపని చేయుచున్న యొక యిల్లాలు, “పైన బురద యెక్కువగా నున్నదా?” యని హిందీలో నన్నడిగెను. చీలమండలు మునుగుచున్నవని విసుగుతో చెప్పితిని. ఆమె మొగము వికసించెను.

“అయిన ఈయేడు మా యూట యెండదు” అని, కత్తి నందుకొని మరల కొమ్మలు కత్తిరింప దొడగెను.