ఇందూరు సీమలో ఇంటి ఫ్రిజ్

నిజామాబాదు పట్టణమునకు పూర్వనామము ఇందూరు. పట్టణపు టంచున గుట్టమీద ఖిల్లా కలదు. అందలి రఘునాథాలయమును, పాత చెఱసాలయు చూడదగినవి. కవి దాశరథి కృష్ణమాచార్యులవారు నిజాము పాలనాంతమున ఈ చెఱలో బంధింపబడి, గోడలమీద బొగ్గుతో పద్యములు వ్రాసిరని లోకప్రసిద్ధము. శివరాత్రికి చలి శివశివా యని పోవునందురు. ఈ సీమలో ఆ సామెత నూటికి నూరుపాళ్లు నిజము. ఉగాది నాటికే ఖిల్లా రాళ్లు కాగిపోవును. వైశాఖమున ఎండ 44, 45 డిగ్రీల దాక పెరుగుట ఇచ్చటివారికి క్రొత్త గాదు.

ఆ యెండలు ముదురక ముందే మేము ఇందూరునందలి మా పినతల్లిగారి యింట నాలుగు దినములుండి, అచ్చటినుండి బోధను వెళ్లి వచ్చితిమి. గుళ్లు, కాలువలు, చెఱకు తోటలు చూడవలెనని పోయిన మాకు, గృహిణులెల్లరకు పనికివచ్చు పాఠమొకటి కూడ లభించినది. అది ఇంటి ఫ్రిజ్‌ను గూర్చినది. యాత్రావృత్తాంతములో ఫ్రిజ్ ఏమిటని సోదరీమణులు నవ్వవచ్చును. ఈ సీమ స్త్రీల సంసారమును కొంచెమెఱిగినచో ఆ నవ్వు నిలువదు.

ఈ జిల్లానుండి పురుషులు అనేకులు బ్రతుకుదెరువునకై దుబాయి, మస్కట్టు, సౌదీ దేశములకు పోయియున్నారు. ఇంటివద్ద అత్తమామలను, పిల్లలను, పొలమును చూచుకొనునది ఇల్లాలే. పెక్కు కుటుంబములలో స్త్రీలు తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి, నాలుగు రూకలు సంపాదింతురు. అట్టి యింటిలోని ఫ్రిజ్ దూరదేశపు సొమ్ముతోనో, బీడీల కూలినుండి నెలనెల కట్టిన వాయిదాలతోనో వచ్చినదై యుండును. అందు పాలు, కూరలు మాత్రమే కాక, చక్కెరవ్యాధి గల పెద్దవారి ఇన్సులిను మందును ఉండును. మండువేసవిలో అది ఆగిపోయినచో పాలు విఱుగుట యొక్కటే నష్టము గాదు. మెకానిక్ రెండు దినములకు గాని రాడు. వచ్చి యేమి చెప్పిన అది నమ్మవలసినదే. మా పినతల్లిగారి పొరుగింట అట్లే జరిగినది. గ్యాసు పోయినదని చెప్పి పనివాడొకడు సొమ్ము పుచ్చుకొనిపోయెను. వారము తిరుగకముందే చల్లదనము మరల తగ్గెను. ఆ యింటి కోడలు మాతో ఈ సంగతి చెప్పుకొని, "ఏం చేద్దునక్కా, మనకు తెల్వదాయె" అని నిట్టూర్చినది. ఆ మాట మనసులో నుంచుకొనియే మేము బోధను బస్సెక్కితిమి.

నిజామాబాదునుండి బోధను 25 కిలోమీటర్లకు కొంచెమెక్కువ దూరము. జానకంపేట, ఎడపల్లి మీదుగా దారి పోవును. కనుచూపు మేర పచ్చని పొలములు. ఈ పచ్చదనమునకు మూలము నిజాంసాగరు నీరు. మంజీరానదిపై 1923లో ఆరంభమైన ఆ యానకట్ట పని 1931లో ముగిసినది. కాలువలు పాఱినంత దూరము చెఱకు తోటలు లేచినవి. చెఱకు వెంట 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఆసియాఖండమునందే మిక్కిలి పెద్దదని ఒకప్పుడు దానికి పేరు. పనివారికై దానిచుట్టు ఒక యూరే పుట్టినది. దానికి షక్కర్‌నగరని పేరు. 2002లో కర్మాగారము ప్రైవేటువారి భాగస్వామ్యమునకు పోయెను. 2015 డిసెంబరులో మూతపడెను. నేడు ఆ దారిలో చెఱకుకన్న వరియే ఎక్కువగా కనబడినది. పాండవులు తలదాచుకొనిన ఏకచక్రపురము ఇదియేననియు, భీముడు బకాసురుని చంపిన చోటిదేననియు బోధనువారు చెప్పుకొందురు.

షక్కర్‌నగరులో మా పినతల్లిగారి యెఱుకవారి యింట దిగితిమి. ఆ యింటి పెద్ద చక్కెర పాన్ వద్ద ముప్పది యేండ్లు పనిచేసినవాడు. మేము పోయినవేళ ఆయన కోడలు ఫ్రిజ్ తలుపును తెఱచి, దానిచుట్టునున్న పాత రబ్బరును ఊడదీయుచుండెను. మేము ఆశ్చర్యపడి చూచుచుండగా ముసలాయన నవ్వి యిట్లనెను: "రంజనుకు చెమట పడితేనే నీళ్లు సల్లగైతయి బిడ్డా. పాన్ అయినా, ఫ్రిజ్ అయినా గంతే. వేడి యాడికెళ్లి వస్తున్నది, యాడికి పోతున్నదని చూస్తే రోగం తెలుస్తది."

ఆ మాటలోని శాస్త్రమును ఆయన మాకు విడమర్చి చెప్పెను. రంజను గోడలోని సన్నని రంధ్రముల గుండ నీరు వెలికి ఊరి ఆవిరియగును. ఆవిరి కావలెనన్న వేడి కావలెను. ఆ వేడిని లోపలి నీటినుండి లాగుకొనుటచే నీరు చల్లబడును. కొన్నాళ్లకు ఉప్పు పేరుకొని రంధ్రములు మూసికొనిపోవును. అప్పుడు రంజను పగులకున్నను చల్లదనమీయదు. ఇక పాన్ సంగతి. చెఱకు రసమును బయట కాచినచో 100 డిగ్రీలు దాటవలెను. ఆ వేడికి చక్కెర రంగు మారును. కావున మూసిన పాత్రలో గాలిని తోడివైచి సుమారు 65, 70 డిగ్రీలకే మఱిగింతురు. ఒత్తిడి తగ్గినకొలది ద్రవము తక్కువ వేడికే మఱుగును. మూతివద్ద సందు పడి గాలి చొరబడినచో పని చెడును.

ఫ్రిజ్‌లో జరుగునదియు నిట్టిదే. అందలి ద్రవము తక్కువ ఒత్తిడిలో సున్న డిగ్రీల క్రిందనే మఱిగి ఆవిరియగును. దానికి వలసిన వేడిని లోపలి పాలనుండి, కూరలనుండి లాగుకొనును. ఆ యావిరిని కంప్రెసరు అదిమి వెనుకనున్న నల్లని జాలిలోనికి పంపును. అచ్చట వేడి బయటి గాలికి వదలి, మరల ద్రవమై లోనికి వచ్చును. వెనుక జాలి లేని క్రొత్త ఫ్రిజ్‌లలో ఆ గొట్టములు ప్రక్క గోడలలో దాగియుండును. అందుచేతనే వాని ప్రక్కలు వెచ్చగా తగులును. అది రోగము గాదు. కనుక ఫ్రిజ్ చల్లబఱచుటలేదన్న ముందుగా రెండు ప్రశ్నలడుగవలెను. లోని వేడి బయటికి పోవుచున్నదా? బయటి వేడి లోనికి చొరబడుచున్నదా? ఈ రెంటికిని సమాధానము చాలవరకు ఇల్లాలి చేతిలోనే కలదు.

ఆ కోడలు చేసిన పనిని మేము దగ్గరనుండి చూచితిమి. మొదట ప్లగ్గు ఊడదీసెను. స్విచ్చి ఆర్పుట మాత్రము చాలదని చెప్పినది. తరువాత వెనుక జాలిమీద దళసరిగా పట్టిన దుమ్మును మెత్తని కుంచెతో దులిపెను. ఆ దుమ్ము రంజను రంధ్రములు మూసిన ఉప్పు వంటిది. గోడకును ఫ్రిజ్‌కును నడుమ జానెడు సందుండవలెను. పొయ్యిప్రక్కను, ఎండ తగులు కిటికీ వద్దను పెట్టరాదు. మీద బట్టలు కప్పి, గాలి పోవు త్రోవను మూయరాదు.

ఇక తలుపు రబ్బరు. దీనిని అంగడిలో గాస్కెట్ అందురు. లోపల అయస్కాంతపు పట్టీ యుండుటచేతనే తలుపు తనంత తాను అంటుకొనును. రబ్బరు చెడినదో లేదో తెలిసికొనుటకు కాగితపు ముక్కను నడుమ పెట్టి తలుపు మూసి లాగవలెను. బిగువుగా వచ్చినచో మంచిది. జారి వచ్చినచో అచ్చట సందున్నదన్నమాట. నాలుగు ప్రక్కలను, నాలుగు మూలలను ఇట్లే చూడవలెను. సందున్నంతనే క్రొత్తది కొననక్కఱలేదు. సబ్బునీటితో మడతలలోని జిడ్డు కడిగి, వేడినీటిలో ముంచి పిండిన గుడ్డతో కాపడము పెట్టినచో పలుమారు రబ్బరు మెత్తబడి పూర్వపు రూపమునకు వచ్చును. కిరసనాయిలు తగులనీయరాదు. రబ్బరు చీలియున్న మార్చవలసినదే.

మార్చుటకు ముందు ఫ్రిజ్ లోపలి గోడపై అంటించిన కాగితమునుండి మోడలు సంఖ్యను వ్రాసికొనవలెను. పాత రబ్బరు పొడవు వెడల్పులను కొలువవలెను. పాత ఫ్రిజ్‌లకు రబ్బరు క్రింద మరలుండును. వానిని వదులు చేసినచో చాలును, పూర్తిగా ఊడదీయనక్కఱలేదు. క్రొత్తవానికి రబ్బరు గాడిలో నొక్కబడియుండును. క్రొత్త గాస్కెట్ మడతలు పడి వచ్చును గనుక వేడినీటిలో కొంచెముసేపు నానబెట్టి, తుడిచి, ముందు నాలుగు మూలలను అమర్చి, పిదప ప్రక్కలను నొక్కుకొనుచు రావలెను. ఆ కోడలికి ఈ పని ముగియుటకు అరగంట పట్టినది. పిమ్మట కాగితపు ముక్కతో మరల నాలుగువైపుల చూచి తృప్తిపడినది.

కూరల డబ్బా క్రింద నీరు నిలుచుట మఱియొక ఫిర్యాదు. లోపల కరగిన మంచునీరు వెనుక గోడనున్న చిన్న రంధ్రము గుండ వెలుపలికి పోయి, కంప్రెసరుమీది తొట్టెలో చేరి, దాని వేడికే ఆరిపోవును. ఆ రంధ్రమున కొత్తిమీర యాకో, మెతుకో అడ్డుపడినచో నీరు లోపలనే నిలుచును. సూది తీసిన పిచికారితో గోరువెచ్చని నీటిని మెల్లగా కొట్టినచో దారి విడును.

మంచుగది సంగతి మఱింత జాగ్రత్తగా వినవలెను. మంచు పావంగుళము పేరుకొనకముందే మీట నొక్కియో, ఫ్రిజ్ ఆపి తలుపు తెఱచియుంచియో కరగనీయవలెను. కత్తితోగాని, అట్లకాడతోగాని పొడువరాదు. ఆ గోడ పలుచని అల్యూమినియపు రేకు. దానిలోనే గ్యాసు గొట్టము పోవుచుండును. ఒక్క పోటుతో గ్యాసంతయు పోవును. అప్పుడు వందలతో తీరు పని వేలకెక్కును.

మన చేయి ఎచ్చట ఆగవలెనో కూడ ఆ కోడలు ఎఱుగును. కంప్రెసరును, గ్యాసు గొట్టములను తాకరాదు. నేటి ఫ్రిజ్‌లలో అనేకములయందు ఆర్-600ఏ అను గ్యాసుండును. అది మంటనంటుకొనునది. దానిని నింపుట, గొట్టములు అదుకుట నేర్చినవాని పని. కంప్రెసరు ప్రక్కనుండు రిలే చెడినచో కొన్ని నిమిషముల కొకమారు టిక్కుమని చప్పుడై, ఫ్రిజ్ బయలుదేరబోయి ఆగిపోవును. కరెంటు వోల్టేజి తగ్గినను ఇట్లే యగును. కావున ముందు స్టెబిలైజరును చూడవలెను. అది బాగుగనే యున్నచో, "ఈ చప్పుడు వచ్చుచున్నది, రిలే చూడుము" అని మెకానిక్‌కు చెప్పవలెను. కరెంటు పోయి వచ్చినపుడు మూడు నాలుగు నిమిషములు ఆగి స్విచ్చి వేయవలెను. గొట్టములలోని ఒత్తిడి రెండువైపుల సమము గానిదే కంప్రెసరు తిరుగుట కష్టము.

ఇందూరు తిరిగివచ్చిన పిదప పొరుగింటి కోడలితో కూడి ఆమె ఫ్రిజ్‌ను చూచితిమి. పిడి క్రింది మూల కాగితము జారి వచ్చినది. వెనుక జాలి దుమ్ముతో నిండియున్నది. ఆమె తానే జాలి దులిపినది. రబ్బరునకు కాపడము పెట్టినను మూల అంటుకొనలేదు. అంగడికి పోయి, మోడలు సంఖ్య చూపి, క్రొత్త గాస్కెట్ తెచ్చినది. మఱునాటి ప్రొద్దుటికి పాలు చల్లగా నున్నవి. ఆమె అత్తగారి ఇన్సులిను మందు మంచుగదికి దూరముగా నడిమి అరలోనికి చేరినది. తెఱువని ఇన్సులినును 2 మొదలు 8 డిగ్రీల నడుమ నుంచవలెను. గడ్డకట్టినచో అది పనికిరాదు. కరెంటు పోయినపుడు తలుపు తెఱువకున్న సుమారు నాలుగు గంటలు చల్లదనము నిలుచును. అంతకన్న ఆలస్యమగునెడల మందును నీరు చొరని డబ్బాలో పెట్టి, తడియిసుకలోని చిన్నకుండయందు నీడను ఉంచి, దానిని వాడవచ్చునో లేదో వైద్యుని అడుగవలెను.

సోదరీమణులు శివరాత్రినాడు ఇల్లు కడుగుకొనునపుడే ఫ్రిజ్ వెనుక జాలిని దులిపి, తలుపునకు కాగితపు పరీక్ష చేయుదురుగాక. మోడలు సంఖ్యను పద్దుపుస్తకపు మొదటి పుటలో వ్రాసియుంచవలెను. మెకానిక్ వచ్చినపుడు ఏ భాగము చెడినది, పాతదానిని చూపుమని అడుగుటకు వెనుదీయరాదు. పని యెఱిగిన మంచి పనివాడు ఆ ప్రశ్నకు సంతోషించును.