దీనిని ఎవరైనా వాడుతున్నారా?



2025 నవంబరు నెలలో మా మందిరము వరండాలో ఒక పాత కంప్యూటరు పది రోజుల పాటు గోనెపట్టా కప్పుకొని కూర్చున్నది. నిజామాబాదు నుండి పాత సామాను కొనే అతను వచ్చి దానిని తీసుకొనిపోవాలి. బేరము కుదిరింది. మూడు వందల రూపాయలు బయానా కూడా తీసుకొన్నాను. ఆ పది రోజుల్లో జరిగిన సంగతి మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. నేను చదివినది వేదాంతములో డిప్లొమా. కంప్యూటరు గురించి నాకు తెలిసినదంతా మా సంఘపు కుర్రవాడొకడు చెప్పినదే. అతడు నిజామాబాదులో కంప్యూటర్లు బాగుచేసి బ్రతుకుతున్నాడు. ఇది అచ్చుకు పంపే ముందు అతనికి రెండుసార్లు చదివి వినిపించాను.

ఆ యంత్రము 2004లో ఒక కుటుంబము వారు మందిరానికి ఇచ్చినది. మొదట అందులో విండోస్ ఎక్స్‌పీ ఉండేది. 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్టు వారు ఎక్స్‌పీకి మద్దతు ఆపివేశారు. కొన్నాళ్ళకు మా కుర్రవాడు దానిలో డెబియన్ అనే లినక్సు ఎక్కించాడు. ఖర్చు లేదు. సంఘ కుటుంబాల జాబితా, ఆదివారపు పాటల కాగితాలు, కానుకల లెక్క, అన్నీ దాని మీదనే నడిచాయి. 2025 ఆగస్టులో డెబియన్ 13వ విడుదల వచ్చింది. ఇటువంటి 32-బిట్ యంత్రాలకు ఇకమీదట కెర్నెలూ ఇవ్వము, ఎక్కించే సాధనమూ ఇవ్వము అని అందులో చెప్పారు.

"అయ్యగారూ, ఇగ దీనికి కొత్తది ఎక్కది" అన్నాడు కుర్రవాడు.

నాకు కోపము వచ్చింది. పనిచేస్తున్నదానిని పనికిరాదనడానికి వాళ్ళెవరు అన్నాను. బోధనులో ఉన్నవారికి ఈ కోపము కొత్త కాదు. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించిన తరువాత శక్కర్‌నగర్ క్వార్టర్లు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. మా సంఘములోని కుటుంబాలు ఎన్నో చెదరిపోయాయి. "ఇక అవసరము లేదు" అనే మాట వినగానే మా వాళ్ళ ముఖాలు ఎట్లా మారతాయో నేను చూశాను.

కుర్రవాడు ఓపికగా కూర్చొని చెప్పాడు. కెర్నెల్ అంటే మన చెరువు క్రింద నీరటికాడు వంటిదట. ఏ పొలానికి ఎప్పుడు నీళ్ళు విడవాలో, ఏ తూము ఎంత ఎత్తాలో అతనికి తెలుసు. రైతులు వచ్చి ఎవరికి వారు తూము ఎత్తుకోరు. కంప్యూటరులో కూడా జ్ఞాపకశక్తి, ప్రాసెసరు, ప్రింటరు, డిస్కు, అన్నింటినీ ప్రోగ్రాములకు పంచిపెట్టేది కెర్నెల్. లినక్సు కెర్నెల్‌ను 1991లో ఫిన్లాండు దేశములో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. అప్పుడతని వయస్సు 21. ఈనాడు అది మూడు కోట్ల పంక్తులు దాటింది. లోకములోని వేలమంది కలిసి దానిని వ్రాస్తున్నారు. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ అదే.

ఇంత పెద్దదానిలో ఒక మూలన పాత వస్తువు పడి ఉంటే వచ్చే నష్టమేమిటి? నా ప్రశ్న అదే. అతడు 386 సంగతి చెప్పాడు. లైనస్ మొట్టమొదట లినక్సును వ్రాసినదే ఇంటెల్ 386 చిప్పు ఉన్న యంత్రము మీద. పుట్టినిల్లన్నమాట. కాని తరువాత వచ్చిన చిప్పులకు ఉన్న కొన్ని సౌకర్యాలు 386కు లేవు. కనుక రెండు మూడు ప్రాసెసర్లు ఒకేసారి పనిచేసేటప్పుడు ఒకదాని పనిని మరొకటి చెరపకుండా చూచే కట్టుబాట్లలో ఏ మార్పు చేయాలన్నా, ప్రతిసారీ 386 కోసము వేరుగా ఒక దారి వేయవలసి వచ్చేది. ఏళ్ళ తరబడి అట్లా వేశారు. చివరకు 2012 డిసెంబరులో తీసివేశారు. లైనస్ మొదటి యంత్రము ఇక క్రొత్త కెర్నెల్‌తో లేవదని తీసివేసిన ఆయనే కొంచెము బాధపడుతూ వ్రాశాడట. లైనస్ మాత్రము తనకటువంటి బెంగలేమీ లేవని, పీడ వదిలిందని జవాబిచ్చాడట. నాకు ఆ జవాబు నచ్చలేదు. కాని లెక్క అర్థమైంది. ఎవరూ వాడనిదైనా దాని కోసము ప్రతి దినము ఎవరో ఒకరు కష్టపడుతూనే ఉండాలి. పైగా ఎవరూ తొంగిచూడని గదిలోనే దొంగ దూరుతాడు. ఫ్లాపీ డిస్కులు నడిపే భాగములో 2014లో భద్రతా లోపాలు బయటపడ్డాయి. అప్పటికి ఫ్లాపీ ముఖము చూచినవారే అరుదు.

అయితే తీసివేయడానికి ఒక పద్ధతి ఉన్నది. కెర్నెల్ మారినందువలన వాడుకరి ప్రోగ్రాము చెడిపోకూడదన్నది లైనస్ పట్టుబట్టిన నియమము. కనుక తీసివేయదలచినదానిని మొదట "కాలము చెల్లినది" అని గుర్తు పెడతారు. వాడినప్పుడు తెర మీద హెచ్చరిక వచ్చేటట్లు చేస్తారు. "దీనిని ఎవరైనా వాడుతున్నారా?" అని ఉత్తరాలలో అడుగుతారు. కొంతకాలము ఆగుతారు. ఎవరూ పలకకపోతే తీసివేస్తారు. తీసివేసే వస్తువుల గడువులు వ్రాసి పెట్టే జాబితా ఒకటి చాలా ఏళ్ళు ఉండేదట. 2012లో ఆ జాబితానే తీసివేశారట! కుర్రవాడూ నేనూ చాలాసేపు నవ్వుకొన్నాము.

నేను ఒప్పుకొన్నాను. ఒప్పుకోవడమే కాదు, వాళ్ళ పద్ధతి నాకు బాగా నచ్చి, అదే పాటించాను. ఒక ఆదివారము ప్రకటనల సమయములో నిలబడి, "మందిరము కంప్యూటరు పాతదైపోయింది, అమ్మివేయాలనుకొంటున్నాము, దానితో ఎవరికైనా పని ఉన్నదా?" అని అడిగాను. ఎవరూ పలకలేదు. కమిటీ పుస్తకములో "ఏకగ్రీవము" అని వ్రాసుకొన్నాము.

ఆ తరువాతి గురువారము మధ్యాహ్నము ఒక సహోదరి బస్సు దిగి వచ్చింది. ఒకప్పుడు శక్కర్‌నగర్ క్వార్టర్లలో ఉన్న కుటుంబము. ఇప్పుడు కొడుకుతో పుణే దగ్గర ఉంటున్నది. భర్త ఆ సంవత్సరమే చనిపోయాడు. ఆయన పింఛను తన పేరు మీదికి మారాలంటే పెళ్ళి కాగితము కావాలన్నారట. క్వార్టరు ఖాళీ చేసిన హడావుడిలో అది ఎక్కడో పోయింది. మా మందిరములోనే పెళ్ళి జరిగింది. నాకంటె ముందున్న పాస్టరుగారు జరిపించారు. ఆయన ఇప్పుడు లేరు.

"తేదీ యాదికి లేదయ్యగారూ. క్రషింగు షురువైన వారమే. 97 నో, 98 నో" అన్నది.

మా పెళ్ళిళ్ళ రిజిస్టరు తీశాను. ఆ సంవత్సరాల పుస్తకాన్ని బీరువా అడుగున చెదలు తినివేశాయి. పట్టుకొంటే పొడి రాలింది. చెదలు పట్టినట్టు నాకు ముందే తెలుసు. ఏదో ఒకటి చేయాలని అనుకొంటూనే ఉన్నాను. ఆ మాట ఆమెతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

క్రైస్తవ వివాహాల చట్టము 1872 నాటిది. దాని ప్రకారము జరిపించిన పెళ్ళి వివరాలు సర్కారుకు కూడా పంపవలసి ఉంటుంది. కనుక నకలు అక్కడ ఉండాలి. కాని తేదీ, వరుస నంబరు లేకుండా ఏ పుస్తకములో వెదకమంటాము? ఆమెకు శనివారము రాత్రికి తిరుగు ప్రయాణము.

పాస్టరమ్మగారు ఆమెకు అన్నము పెడుతుండగా కాటా సారు వచ్చాడు. ఫ్యాక్టరీ కాటా దగ్గర చెరకు బండ్లు తూచిన గుమాస్తా కనుక ఊరంతా ఆయనను అట్లాగే పిలుస్తారు. పాత పాస్టరుగారి కాలములో రిజిస్టర్లు వ్రాసినది ఆయనే. కంటికి నల్లద్దాలు పెట్టుకొని ఉన్నాడు. సంగతి విని ఏమీ అనకుండా ఇంటికి వెళ్ళి ఒక బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చాడు. లోపల పాలిథీన్ కవరులో చుట్టిన పదకొండు ఫ్లాపీ డిస్కులు. ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటరు నేర్చుకొన్న ఆ రోజుల్లో రిజిస్టరు మొత్తము ఇంగ్లీషు అక్షరాలలో ఎక్కించి పెట్టాడట.

"కంప్యూటర్ల ఫ్లాపీ పెట్టే సందు ఉన్నది గదా అని నాకు ధైర్యముండె" అని, వరండాలోని గోనెపట్టా వైపు చూశాడు. "అడిగిన్రట గదా అయ్యగారూ. ఆ ఆదివారం నేను కంటికి పట్టి కట్టుకొని నిజామాబాదుల పండుకొని ఉన్న."

నేను జవాబు చెప్పలేదు. కుర్రవానికి ఫోను చేశాను.

అతడు సాయంత్రము ఆఖరు బస్సుకు వచ్చాడు. గోనెపట్టా తీసి, డ్రైవులోని దుమ్ము ఊది, దాని లోపలి తలను స్పిరిటుతో తుడుస్తూ ఫ్లాపీ కథ చెప్పాడు. కెర్నెల్‌లో ప్రతి భాగానికి ఎవరు బాధ్యులో వ్రాసిన పట్టిక ఒకటి ఉంటుంది. పేరు ఎదురుగా ఆ భాగము స్థితి వ్రాస్తారు: పోషణలో ఉన్నది, అప్పుడప్పుడు మరమ్మతు, కాలము చెల్లినది, ఇట్లా. అందులో ఒక మాట "ఆర్ఫన్". అనాథ అనే అర్థము. నేను వినడములో పొరపాటేమోనని మళ్ళీ అడిగాను. నిజముగా ఆ మాటేనట. 2019లో ఫ్లాపీ డ్రైవరు పేరు ఎదురుగా ఆ మాట పడింది. లైనస్ తానే 1991లో మొదలుపెట్టి వ్రాసిన భాగమది. బాధ్యత చూస్తున్న ఆయన దగ్గర పనిచేసే ఫ్లాపీ డ్రైవు లేకుండా పోయింది. చేతిలో లేని పరికరాన్ని పరీక్షించేది ఎట్లా? లైనస్ ఒప్పుకొన్నాడు. కాని వెంటనే తీసివేయలేదు. ఎవరైనా ముందుకు వస్తారేమో చూద్దామన్నాడు. కొన్ని నెలలకే, దానిలోని లోపాలు సరిచేస్తూ వచ్చిన ప్రోగ్రామరు ఒకాయన బాధ్యత తీసుకొన్నాడు. ఇప్పుడు దుకాణాలలో దొరికే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవులకు ఈ పాత డ్రైవరుతో పని లేదు. అటువంటిది తెప్పించినా మాకు సరిపోయేదేమో. కాని శనివారములోపల అది బోధనుకు రావాలి గదా.

మొదటి డిస్కు చదవలేదు. రెండవది గరగరమని చప్పుడు చేసి ఆగింది. మూడవ దానిలో పేర్లు వచ్చాయి. డాస్ కాలములో ఫైళ్ళు దాచిన పద్ధతి కూడా కెర్నెల్ ఇంకా మరచిపోలేదట. కాటా సారు తెరకు ముఖము ఆనించి ఒక్కొక్క పేరు చదువుతూ, "వీళ్ళు భివండి పోయిన్రు, వీడు చచ్చిపోయిండు, ఈ పిల్ల ఆర్మూర్ల టీచరు" అంటూ పోయాడు.

మధ్యలో కుర్రవాడు మరొక సంగతి చెప్పాడు. తొలినాళ్ళలో లినక్సు ప్రోగ్రాములన్నీ ఏ.అవుట్ అనే మూసలో ఉండేవి. తరువాత వేరే మూస వచ్చింది. 2022లో పాతదానిని తీసివేద్దామని అడిగితే ఒకే ఒకాయన చేయెత్తాడు. 1990లలోని సేగా వీడియో ఆటల యంత్రానికి ప్రోగ్రాములు తయారుచేసే పనిముట్టు ఒకటి తాను ఇంకా ఆ మూసలోనే నడుపుకొంటున్నానని చెప్పాడు. కెర్నెల్ లోపల కాకుండా బయట నుండి దానిని నడిపించే చిన్న ప్రోగ్రాము ఒకటి అక్కడివాళ్ళే వ్రాశారు. ఆ తరువాతనే పాత మూసను తీసివేశారు. "ఒక్కని కోసమా?" అన్నాను. "ఆయనకు ఉత్తరం రాసుడు వస్తది కదా అయ్యగారూ" అన్నాడు కుర్రవాడు. ఆ మాట అతడు మామూలుగానే అన్నాడు. నాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన యంత్రాన్ని వదిలివేసేటప్పుడు కూడా వాళ్ళు ఎక్కడో అడిగే ఉంటారు. మనకు వినబడలేదు. నేను కూడా అడిగాను. మందిరములో ఉన్నవాళ్ళనే అడిగాను.

ఏడవ డిస్కులో ఆ సహోదరి పేరు దొరికింది. 1998వ సంవత్సరము. తేదీ, పుట నంబరు, సాక్షులుగా సంతకము చేసిన ఇద్దరి పేర్లు. ఆ ఇద్దరిలో ఒకరు కాటా సారే. ఆయన ఆ సంగతి మరచిపోయాడు. కుర్రవాడు తెర ఫోటో తీసి ఇస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. కాటా సారు చేత కాగితము మీద వ్రాయించుకొని కొంగున ముడి వేసుకొన్నది. శుక్రవారము పొద్దున్నే ఆమెతో కలిసి నేను కూడా కార్యాలయానికి పోయి వెదకుడు దరఖాస్తు పెట్టి వచ్చాను. నకలు ఇంకా రాలేదు. వస్తుందని చెప్పారు.

పాత సామాను అతను శనివారము వచ్చాడు. మూడు వందలు తిరిగి ఇచ్చాను. ఆటో కిరాయి కూడా అడిగాడు, ఇచ్చాను. కంప్యూటరు మళ్ళీ లోపలి గదిలో ఉన్నది. ఇంటర్నెట్టు తీగ తీసివేశాము. కొత్త మరమ్మతులు అందని యంత్రానికి అది క్షేమము కాదని కుర్రవాడు చెప్పాడు. దొరికిన పేర్లన్నీ వేరే కంప్యూటరులోకి మార్చి, అచ్చు తీసి రెండు ప్రతులు కుట్టించాము.

పదకొండింటిలో తొమ్మిది డిస్కులు చదవగలిగాము. మిగిలిన రెండింటి మీద కాటా సారు చేతివ్రాతతో 1999 అని, 2001 అని ఉన్నది. ఆ రెండు సంవత్సరాలలో మా మందిరములో పెళ్ళి చేసుకొన్నవారు ఎవరైనా ఈ పత్రిక చదువుతుంటే, లేదా అటువంటివారు మీకు తెలిసి ఉంటే, దయచేసి వారి దగ్గరున్న సర్టిఫికెట్టు నకలొకటి మందిరానికి పంపించండి. చదువురాని వారైతే ఈ ముక్క వారికి చదివి వినిపించండి.