ఏ కెమెరా కొనాలి అని అడిగినోళ్లకి

నేను ఎక్కడికన్నా వెళ్లొచ్చి ఫోటోలు పెట్టగానే మనోళ్లలో సగం మంది అడిగేది ఒకటే. "ఏ కెమెరా అన్నా? ఎంతయింది?" ఒక్కొక్కళ్లకి విడిగా చెప్పడం కుదరట్లేదు, అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ఏ ట్రాక్టర్ కొనాలని మనల్ని ఎవరన్నా అడిగితే ఏమంటాం? ఎన్నెకరాలు, ఏ నేల, దమ్ముకా, తోలకానికా అని తిరిగి అడుగుతాం. కెమెరా కూడా అంతే. ఏం తీయాలో తేలాకే కొనాలి.

నా తిరుగుడంతా సార్వా ధాన్యం తోలేశాక, దాళ్వా నారుమళ్లలో పడేలోపు దొరికే నాలుగు రోజులే. ఊళ్లు, చేలు, సంతలు, మనుషులు... వీటికి చేతిలో ఉన్న ఫోనే చాలు. జేబులో ఉంటది, దాన్ని చూసి ఎవరూ బెదరరు. రెండే జాగ్రత్తలు. తీసేముందు లెన్సు మీద జిడ్డు మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. వేళ్లతో లాగి దగ్గరకి తెచ్చుకోకండి. చాలా ఫోన్లలో అలా లాగితే బొమ్మ పెద్దదవుద్ది గానీ వివరం పెరగదు. మీరే నాలుగడుగులు ముందుకెయ్యండి.

అడుగు ముందుకెయ్యలేని చోటే ఫోను చేతులెత్తేస్తది. మాకు దగ్గర్లో కైకలూరు పక్కన ఆటపాక ఉంది, కొల్లేరు పక్షుల కేంద్రం. చలికాలంలో పెలికాన్లు గూళ్ల మీద గుంపులుగా ఉంటాయి. ఫోనులో తీస్తే తెల్ల చుక్కలే. ఆ పక్షుల కోసమే నేను సెకండ్ హ్యాండ్‌లో డీఎస్ఎల్ఆర్, 70-300 లెన్సు తీసుకున్నాను. కొత్తవి కొంటే ఎకరం వరి పెట్టుబడి దాటిపోద్ది. ఎగిరే పక్షికి షట్టర్ స్పీడు 1/1000కి తగ్గకుండా పెట్టండి, లేకపోతే రెక్కలు అలుక్కుపోతాయి.

పాతది కొనేటప్పుడు ట్రాక్టర్‌కి అవర్ మీటర్ చూసినట్టు, దీనికి షట్టర్ ఎన్ని క్లిక్కులు తిరిగిందో చూడాలి. చిన్న డీఎస్ఎల్ఆర్‌కి లక్ష దాకా అని ఒక లెక్క. లెన్సులోంచి టార్చి వేసి చూడండి. లోపల సాలెపోగులా కనపడితే అది బూజు, దాన్ని వదిలేయండి. మన డెల్టా తేమకి బూజు త్వరగా పడుద్ది. అందుకే ఇంట్లో గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోవాలి. నూర్పిడి దుమ్ములో లెన్సు మార్చొద్దు.

ఇక మంచి ఫోటో ఎక్కడ దొరుకుద్ది అంటారా? చోటు కంటే వేళ ముఖ్యం. టూరిస్టులు టిఫిను చేసి పది గంటలకి బయల్దేరతారు. అప్పటికి ఎండ నెత్తి మీదకొచ్చి కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. పొద్దు పొడిచాక మొదటి గంట, పొద్దు గుంకేముందు గంట ఎండ ఏటవాలుగా ఉంటది. మనిషి ముఖం, మట్టి గరుకు, ఆకు మీద మంచు అన్నీ అప్పుడే తేలతాయి. తెల్లారకముందే లేవడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా. ఊరు మారినా ఆ అలవాటు మానకండి.

మొన్న శీతాకాలం విశాఖ నుంచి కిరండోల్ రైల్లో అరకు వెళ్లాం. వలిస పూల కాలం, కొండవాలంతా పసుపు. ఒక చేను దగ్గర రైతు తాడు కట్టి మనిషికి 20 రూపాయలు తీసుకుంటున్నాడు. మాతో వచ్చినాయన ఒకరు "పూలు చూడ్డానికి కూడా డబ్బులా?" అని గొడవకి దిగారు. నేను ఆయన్ని పక్కకి పిలిచి ఒకటే అడిగాను. "మన చేను పొట్ట మీద ఉండగా పదిమంది దిగి సెల్ఫీలు తీసుకుంటే ఊరుకుంటామా?" ఆయన మాట్లాడలేదు.

వలిస నూనెగింజ పంట. వచ్చినోళ్లు పూలు చూస్తారు, ఆ రైతు గింజ చూస్తాడు. కాడ విరిగితే ఆ కాడకి గింజ లేనట్టే. తాడు దాటి లోపలికెళ్లినోళ్లు నడిచిన దారి పొడవునా మొక్కలు పడిపోయి ఉన్నాయి. ఆ 20 రూపాయలు దానికే సరిపోతాయో లేదో.

డబ్బులిచ్చి గట్టు మీదే నిలబడ్డాను. సూర్యుడికి ఎదురుగా తిరిగితే పూరేకుల్లోంచి వెలుగు వస్తుంది, తేనెటీగలు మెరుస్తూ కనపడతాయి. పొగమంచుకి ఫోను బొమ్మని బూడిదరంగులో చూపిస్తుంటే, తెర మీద తాకి వెలుగు కాస్త పెంచాను. చేలోకి ఒక్క అడుగు కూడా వెయ్యక్కర్లేకపోయింది.

తర్వాత ఆ రైతుతో పంట కబుర్లు చెప్పుకుని, "మీ ఫోటో ఒకటి తియ్యనా?" అని అడిగాను. భార్యని కూడా కేకేసి పిలిచాడు. అక్కడే వాళ్లబ్బాయి ఫోనుకి వాట్సాప్ చేశాను. అప్పటిదాకా ఎన్ని వందల మంది ఆ చేలో ఫోటోలు దిగారో గానీ, ఆ చేను వేసిన మనిషి ఫోటో ఆయన చేతికి రావడం అదే మొదటిసారంట.

కాబట్టి ఇప్పుడే డబ్బులు పెట్టకండి. ఈసారి ఎక్కడికెళ్లినా ఫోనుతోనే ఒక వంద ఫోటోలు తీయండి. ఇంటికొచ్చాక మీరు తీయాలనుకుని తీయలేకపోయినవి ఏంటో రాసుకోండి. పక్షులా, చీకట్లో జాతర్లా, దూరపు కొండలా? ఆ చిట్టీ తీసుకుని నన్ను అడగండి, ఏది కొనాలో అప్పుడు చెప్తాను. చిట్టీ ఖాళీగా ఉంటే ఆ డబ్బుతో ఇంట్లోవాళ్లని ఇంకో ఊరు తిప్పుకురండి.