బండికి కొత్త బట్టలు

దసరా దగ్గరపడితే మా ఇంట్లో ముందు కొత్త బట్టలు బండికే. పిల్లలవీ నావీ తర్వాత. మాది పికప్ వ్యాను. రామభద్రపురం మార్కెట్లో తెల్లారకముందే కూరగాయలు ఎత్తుకుని ఒకరోజు విజయనగరం వెళ్తుంది, ఇంకోరోజు సాలూరు ఘాటీ ఎక్కి ఒడిశా వైపు పోతుంది. 7 ఏళ్లుగా మా ఇంటి బియ్యం, పిల్లల ఫీజులు, ఫైనాన్సు వాయిదాలు అన్నీ దాని చక్రాల మీదే నడుస్తున్నాయి. అందుకని ఆయుధపూజకి దానికి తలంటు, పసుపు కుంకుమలు, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు తప్పవు. మొన్న దసరాకి సీటు కవర్లు కూడా మారుద్దామన్నాను.

"సీటు మీద లోడు కూర్చుంటుందా ఏమిటి? ఉన్నది చాల్లే" అన్నారు మా ఆయన.

"లోడు కూర్చోదు, మీరు కూర్చుంటారు" అన్నాను.

పాత రెక్సిన్ కవరు అప్పటికే నాలుగుచోట్ల చిరిగి ప్లాస్టర్లు వేయించుకుంది. దాని మీద నా పాత తువాలు ఒకటి. ఎండాకాలం ఆ రెక్సిన్ పెనంలా కాలిపోయి చొక్కా వీపుకి అంటుకుపోతుంది. ఆ చెమట మరకలు ఉతికేది నేను కాబట్టి నాకు తెలుసు.

మా వైపు బండికి ఏం చేయించాలన్నా సాలూరే. విశాఖ నుంచి రాయపూర్ వెళ్లే దారిలో, ఘాటీ కింద ఉన్న లారీల ఊరు. లారీ బాడీలు కట్టేవాళ్లు, రంగులేసేవాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు అందరూ అక్కడ దొరుకుతారు. 2022లో జిల్లాలు విడదీశాక అది పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది గానీ మా నోటికి ఇంకా విజయనగరం జిల్లా సాలూరే.

సీటు కవర్ల దుకాణం చూస్తే చీరల కొట్టు గుర్తొచ్చింది. రెక్సిన్, వెల్వెట్, తువాలు గుడ్డ, దళసరి నూలు గుడ్డ అన్నీ చుట్టలు చుట్టలుగా పెట్టారు. కుట్టే పెద్దాయన మిషను మీంచి లేవకుండానే "ఏ రంగు తియ్యమంటావమ్మా?" అన్నాడు. రంగు సంగతి తర్వాత, ముందు గుణం చెప్పమన్నాను. వానకీ దుమ్ముకీ రెక్సినే మేలట, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, కానీ చెమట పీల్చదు. వెల్వెట్ చూడ్డానికి బాగుంటుంది, దుమ్ము తాగేస్తుంది. నూలు గుడ్డ చల్లగా ఉంటుంది, మాపు త్వరగా పడుతుంది. ఉతికే చేతులు నావే కదా అని, అంచులకి రెక్సిన్, కూర్చునే చోటా వీపు ఆనే చోటా నూలు గుడ్డ వేసి, విప్పుకోడానికి జిప్పు పెట్టమన్నాను. మెరూన్ రంగు.

కుర్రాడు నాలుగు బోల్టులు విప్పి డ్రైవరు సీటు కిందికి దించాడు. పాత కవరు ఊడదీస్తే లోపల ఒక గాజు ముక్క, మా చిన్నదాని హెయిర్ క్లిప్పు, మూడు రూపాయి బిళ్లలు దొరికాయి. నవ్వుకున్నాం. పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఫోము మీద అరచెయ్యి పెట్టి నొక్కుతున్నాడు.

"బావూ, నువ్వు ఒకేపే కూకుంటున్నావేటి?" అన్నాడు మా ఆయనతో.

నాకు అర్థం కాలేదు. ఆయనే చూపించాడు. తలుపు వైపు అంచు అరగడం ప్రతి బండికీ మామూలే, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రాసుకుంటుంది. మా సీటుకి అంచుతో పాటు కుడిపక్క సగం లోపలికంటా కుంగిపోయింది. ఎడమపక్క ఫోము ఇంకా గట్టిగానే ఉంది. "బరువంతా ఇటే ఏస్తన్నాడమ్మా. ఎడంపక్క ఏదో బాధుండాల. లారీవోళ్ల సీట్లు ఎన్ని సూళ్లేదు!"

మా ఆయన బల్ల మీద కూర్చుని నేల చూస్తున్నారు. నేను పక్కన కూర్చున్నాక నెమ్మదిగా చెప్పారు. అయిదు నెలలుగా ఎడమ కాలు తిమ్మిరెక్కుతోందట. క్లచ్చి తొక్కినప్పుడల్లా నడుం దగ్గర్నుంచి పిక్క దాకా లాగేస్తోందట. ఘాటీ ఎక్కేటప్పుడు మరీ ఎక్కువట.

"నాతో ఎందుకనలేదు?"

"అంటే బండి ఆపమంటావు. వాయిదా ఎవరు కడతారు?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆపమనే అనేదాన్ని. వాయిదా తేదీ నాకూ తెలుసు.

పెద్దాయన ముందు ఆయన వెనక జేబులో పర్సు తీయించాడు. రసీదులన్నీ కుక్కి ఇటుకలా ఉంది. దాని మీద కూర్చుంటే నడుం వంకర కూర్చున్నట్టేనట. కుంగిన ఫోము మీద ఎంత ఖరీదు కవరు వేసినా దండగ అని 40 డెన్సిటీ ఫోము కోసి వేశాడు. ఆయన్ని రెండుసార్లు కూర్చోబెట్టి చూసి, నడుం దగ్గర చిన్న మెత్త కలిపాడు. కవర్లని కాసేపు ఎండలో పరిచాం. వేడికి రెక్సిన్ మెత్తబడి ముడతల్లేకుండా సాగుతుంది. వీపు కవరు పైనుంచి తొడిగి, చివర సందులోంచి వెనక్కి లాగి కొక్కేలు తగిలించారు. ఒక చెయ్యి నేనూ పట్టాను. సీటు ముందుకీ వెనక్కీ జరుగుతోందా, బెల్టు తగిలించే బకిల్ కవరు కింద పడిపోలేదు కదా అని చూసుకోమన్నాడు. ఫోముతో కలిపి రూ.3,200 అయింది.

పండగ వెళ్లాక విజయనగరంలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నడుం దగ్గర నరం నొక్కుకుంటోందన్నారు. మందులు, వ్యాయామాలు రాశారు. గంటా గంటన్నరకోసారి బండి ఆపి నాలుగడుగులు నడవాలి, బరువులెత్తకూడదు అన్నారు. ఇప్పుడు క్రేట్లు ఎత్తడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాం. ఒడిశా ట్రిప్పులు నెలకి రెండు తగ్గాయి. ఆ తగ్గిన డబ్బులో కొంత నా జాకెట్ల కుట్టుతో పూడుతోంది, కొంత పూడటం లేదు. అయినా వాయిదా తప్పలేదు.

మీ ఇంట్లో ఆటో ఉన్నా, లారీ ఉన్నా, మీవాళ్లు రోజంతా కూర్చునే కుర్చీ ఉన్నా, కవరు మార్చే రోజు మీరూ దగ్గరుండండి. రంగు ఎంచడానికే కాదు, కింద ఫోము ఏ పక్క కుంగిందో చూడటానికి. నోటితో చెప్పని మగాళ్లు మన ఇళ్లలో తక్కువేం లేరు.

నొప్పి పూర్తిగా పోలేదు. రాత్రి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ "ఇవాళ పిక్క లాగింది" అని ఇప్పుడు తనే చెబుతున్నారు. వేడినీళ్ల సంచి సిద్ధంగా ఉంచుతున్నాను. నెలకోసారి ఉతకడానికి కవరు విప్పినప్పుడు రెండు అరచేతులూ ఫోముకి రెండు పక్కలా పెట్టి నొక్కి చూస్తాను. ఇప్పటికైతే రెండు పక్కలా ఒకేలా ఉంది.